టీవీలో చూసిన ఇంటిని చూడటానికి వెళ్తున్నారా? ఎదురు ఫుట్‌పాత్ దగ్గర ఆగండి

ఇష్టమైన సిరీస్‌లో ఏళ్ల తరబడి చూసిన ఇంటి ముందు ఒక్కసారైనా నిలబడాలనిపించడం సహజం. బయలుదేరే ముందు ఒక సంగతి మాత్రం తెలుసుకుని వెళ్లండి. తెరమీద మీరు చూసిన ఆ ఇంట్లో, నిజంగా ఆ వీధిలో ఉన్నది చాలావరకు ముందు గోడే. హాలు, వంటిల్లు, పడగ్గది వంటివి ఎక్కడో స్టూడియోలో వేసిన సెట్లు. ‘ఫ్రెండ్స్’లో కనిపించే అపార్టుమెంటు భవనం న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్‌లో, బెడ్‌ఫర్డ్, గ్రోవ్ వీధులు కలిసే మూల మీద ఉంది. లోపలి గదుల సెట్లు మాత్రం దేశానికి ఆ చివరన, కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో వేశారు. టైటిల్స్‌లో అందరూ గంతులేసే ఫౌంటెన్ కూడా కాలిఫోర్నియాలోదే. ఆస్ట్రేలియాలో 1985లో మొదలైన ‘నైబర్స్’లోని రామ్సే స్ట్రీట్, మెల్‌బోర్న్ శివార్లలోని పిన్ ఓక్ కోర్ట్ అనే మామూలు వీధి. అక్కడి ఇళ్లలో మామూలు కుటుంబాలు ఉంటాయి. లోపలి గదులను నునావాడింగ్‌లోని స్టూడియోలో చిత్రీకరించారు.

అంటే తలుపు తట్టి లోపలికి వెళ్లగలిగినా, మీ మనసులో ఉన్న సోఫా, మెట్లు, వంటగట్టు అక్కడ ఉండవు. అక్కడ ఉండేది వేరేవాళ్ల సంసారం. షూటింగ్ రోజులకు నిర్మాణ సంస్థ ఇంటి యజమానికి డబ్బిచ్చి ఒప్పందం చేసుకుంటుంది, పని అయిపోగానే ఆ ఒప్పందమూ అయిపోతుంది. ఆ తర్వాత ఇల్లు చేతులు మారి ఉండొచ్చు, అద్దెకు వచ్చినవాళ్లు ఆ సిరీస్ పేరైనా విని ఉండకపోవచ్చు. ఈ రెండూ గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఆ ఇల్లు ఏ రకమో ముందు తేల్చుకోండి

మనుషులు కాపురం ఉంటున్న ఇల్లా? టికెట్ పెట్టి చూపించే ఇల్లా? రాత్రి బసకు అద్దెకిచ్చే ఇల్లా? కింద షాపో హోటలో ఉండి పైన జనం ఉండే భవనమా? వీటిలో ఏదో తెలియకుండా బయలుదేరకండి. ‘డౌన్‌టన్ ఆబీ’ తీసిన, ఇంగ్లండ్‌లోని హైక్లేర్ కాసిల్ ఈనాటికీ ఒక కుటుంబం నివాసమే, కానీ ప్రకటించిన రోజుల్లో టికెట్ మీద లోపలికి రానిస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. అక్కడ మీరు అతిథి, దారి వాళ్లే చూపిస్తారు. బస ఇల్లయితే బుక్ చేసుకున్న రాత్రికే మీకు హక్కు. వేరేవాళ్లు బస చేసిన రోజున గేటు తీసి చూడటం పూర్తిగా వాళ్ల మీదికి వెళ్లడమే.

అధికారికంగా టికెట్ అమ్మే పేజీ ఏదీ కనబడకపోతే ఆ ఇంట్లో జనం ఉంటున్నారనే అనుకోండి. పాత యాత్రా కథనాలను నమ్మి వెళ్తే దెబ్బతింటారు. ఇళ్ల పరిస్థితి మారుతూనే ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లోని ‘బ్రేడీ బంచ్’ ఇంటినే తీసుకోండి. సిరీస్‌లో వాడింది ఇంటి బయటి భాగాన్నే. 2018లో హెచ్‌జీటీవీ ఛానెల్ దాన్ని 35 లక్షల డాలర్లకు కొని, లోపలి గదులను పాత సెట్‌లాగా మళ్లీ కట్టించింది. 2023లో 32 లక్షలకు అమ్మేసింది. అయిదేళ్లలో ఒకే ఇల్లు కాపురం నుంచి టీవీ కార్యక్రమానికీ, అక్కడి నుంచి మళ్లీ ప్రైవేటు చేతుల్లోకీ వెళ్లింది. ఆరు నెలలకు మించి పాతదైన సమాచారాన్ని బయలుదేరే వారంలో మరోసారి సరిచూసుకోండి.

సరైన ఇల్లేనా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ పొరపాటు బరువు మోసేది ఏ సంబంధమూ లేని పొరుగింటివాళ్లు. శాన్ ఫ్రాన్సిస్కోలో ‘ఫుల్ హౌస్’ ఇల్లు చూడాలని చాలామంది అలమో స్క్వేర్ ముందున్న రంగురంగుల ఇళ్ల వరుస దగ్గరికి వెళ్తారు. టైటిల్స్‌లో కుటుంబమంతా ఆ పార్కులోనే కనిపిస్తుంది కాబట్టి. సిరీస్‌లో వాళ్ల ఇల్లుగా చూపించింది మాత్రం బ్రోడెరిక్ స్ట్రీట్‌లో ఉంది. బీబీసీ ‘షెర్లాక్’లో బేకర్ స్ట్రీట్ ఇంటి తలుపు నిజంగా లండన్‌లోనే నార్త్ గోవర్ స్ట్రీట్‌లో ఉంది. న్యూయార్క్ కథ ‘సెక్స్ అండ్ ద సిటీ’లో కథానాయిక క్యారీ ఉండేది అప్పర్ ఈస్ట్ సైడ్‌లో అని కథ చెబుతుంది, ఆమె కూర్చునే మెట్లు వెస్ట్ విలేజ్‌లోని పెర్రీ స్ట్రీట్‌లో ఉన్నాయి. కథలోని చిరునామాకూ షూటింగ్ చిరునామాకూ పొంతన ఉండాలన్న నియమం లేదు.

ఇంటినుంచే పోల్చిచూసుకునే పద్ధతి ఇది. సిరీస్ నుంచి పగటి వెలుగులో తీసిన ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో వీధి దృశ్యం (స్ట్రీట్ వ్యూ) తెరిచి మూడు గుర్తులు కలుస్తున్నాయేమో చూడండి: పైకప్పు ఆకారం, పై వరుస కిటికీల సంఖ్యా అమరికా, పక్కింటి గోడ లేదా చిమ్నీ ఈ ఇంటిని ఎక్కడ తాకుతోంది అన్నది. రంగును, తలుపును, చెట్లను లెక్కలోకి తీసుకోకండి. అవన్నీ మారతాయి. కిటికీలను కూడా కాస్త అనుమానంగానే చూడాలి. బ్రేడీ ఇంటికి షూటింగ్ కోసం ముందు గోడ మీద ఒక ఉత్తుత్తి కిటికీని తగిలించారు. వీధి దృశ్యంలో పాత సంవత్సరాల చిత్రాలు కూడా ఉంటాయి, షూటింగ్ జరిగిన కాలానికి దగ్గరగా ఉన్నదాన్ని చూస్తే తేలిక.

వీధి దృశ్యంలో ఆ ఇల్లొక్కటే మసకగా కనిపిస్తే, దాన్ని మసకబరచమని ఎవరో అడిగారని అర్థం. సాధారణంగా అడిగేది ఆ ఇంట్లో ఉండేవాళ్లే. అది ‘రావద్దు’ అని మర్యాదగా రాసిన బోర్డుతో సమానం. అలాంటి ఇంటిని జాబితాలోంచి తీసేయండి.

ఏ పూట వెళ్లాలి

ఇంట్లోవాళ్ల ప్రశాంతతకూ మీ ఫొటోకూ సరిపోయే వేళ వారం మధ్యలో, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా. ఆఫీసులకూ బళ్లకూ వెళ్లేవాళ్ల కార్లు అప్పటికి కదిలిపోతాయి, ఇంటి ముందు స్థలం ఖాళీ అవుతుంది. శనివారం, ఆదివారం మధ్యాహ్నాలు జనం ఒకరిమీద ఒకరు పడతారు. చీకటి పడ్డాక వెళ్లనే వద్దు. లోపల దీపాలుంటే వాళ్ల హాలంతా మీకు కనిపిస్తుంది, చీకట్లో నిలబడి ఇంటివైపు చూస్తున్న మనిషి ఎవరికైనా దొంగలానే కనిపిస్తాడు. పోలీసులకు ఫోన్లు వెళ్లేది ఎక్కువగా అప్పుడే.

ఇంటి ముఖం ఏ దిక్కుకుందో చూసుకుంటే పూట ఇంకా కచ్చితంగా తేలుతుంది. తూర్పు ముఖానికి ఉదయం, పడమటి ముఖానికి మధ్యాహ్నం తర్వాత ఎండ పడుతుంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉత్తర ముఖం ఇంటి మీద చలికాలమంతా నేరుగా ఎండ పడదు. వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోయి ఇల్లు నల్లబడిపోతుంది. దానికి మబ్బు పట్టిన రోజే మంచిది. ఆస్ట్రేలియాలో లెక్క తిరగబడుతుంది, అక్కడ ఎండ అందనిది దక్షిణ ముఖానికి.

చేరుకోవడం

బండిని ఆ వీధిలోకి తీసుకెళ్లకండి. రెండు మూడు వీధుల అవతల ఆపి, ఐదు నిమిషాలు నడిచి వెళ్లండి. ఇంటి ముందు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ‘ఒక్క నిమిషం’ అని దిగేవాళ్లే వీధికి పెద్ద తలనొప్పి. ఒకరి ఒక్క నిమిషం వెనక ఇంకొకరిది ఉంటుంది, పక్కింటివాళ్లు తమ గేటులోంచి కారు బయటికి తీయలేక కూర్చుంటారు. ముందుకు దారి లేని చిన్న వీధుల్లో ఇంకా ఇబ్బంది, అక్కడ బండి తిప్పడానికి ఉన్న ఒకే ఒక చోటు ఎవరో ఒకరి ఇంటి ప్రవేశమే. ‘ఫుల్ హౌస్’ ఇంటి వీధివాళ్లు పడలేక మొరపెట్టుకుంటే, శాన్ ఫ్రాన్సిస్కో రవాణా సంస్థ 2018లో టూర్ బస్సులను ఆ వీధిలోకి రాకుండా నిషేధించింది.

నలుగురికి మించి ఉంటే ఇద్దరిద్దరుగా వెళ్లి రండి, మిగతావాళ్లు మలుపు దగ్గరే ఆగాలి. పదిమంది ఒకేసారి నిలబడితే ఫుట్‌పాత్ మూసుకుపోతుంది. పిల్లల బండి తోసుకొచ్చే తల్లి రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. సిరీస్ పాట ఫోన్లో మోగించడం, డైలాగులు గట్టిగా చెప్పుకుంటూ వీడియో తీయడం వద్దు. మీకు సరదాగా ఉన్న ముప్పై సెకన్ల పాట పైగదిలో పడుకున్నవాళ్లకు ఆ రోజు ఎన్నోసారో మీకు తెలియదు.

ఫొటో: దూరంగా నిలబడితేనే తెరమీది ఇల్లు దొరుకుతుంది

ఇది కాస్త నెమ్మదిగా చదవండి. దగ్గరికి వెళ్తేనే బాగా వస్తుందనుకుని చాలామంది గేటుకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడతారు. అలా తీస్తే ముందు మెట్లు ఉబ్బినట్టు పెద్దవిగా, పైకప్పు వెనక్కి ఒరిగినట్టు చిన్నదిగా వస్తాయి. ‘ఇదేంటి, టీవీలో ఇలా లేదే’ అనిపిస్తుంది. లోపం లెన్సుది కాదు, దూరానిది. వస్తువులు ఒకదానితో ఒకటి ఏ నిష్పత్తిలో కనిపిస్తాయో నిర్ణయించేది కెమెరా నిలబడ్డ చోటు. ‘ఇది ఫలానావాళ్ల ఇల్లు’ అని చెప్పడానికి సన్నివేశం మొదట్లో వేసే షాట్‌ను యూనిట్‌వాళ్లు మామూలుగా రోడ్డుకు అవతలి పక్క నుంచే తీస్తారు. మీరు నిలబడాల్సిందీ అక్కడే.

రెండు వరుసల రోడ్డూ రెండు పక్కలా ఫుట్‌పాతూ ఇంటి ముందు కాస్త పచ్చికా ఉంటే, ఎదురు ఫుట్‌పాత్ నుంచి ఇంటి గోడకు దాదాపు 15 మీటర్లు ఉంటుంది. ఫోన్ మామూలు కెమెరా ఆ దూరం నుంచి అడ్డంగా 21 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల ఎత్తు పట్టుకుంటుంది. జూమ్ 2ఎక్స్ పెడితే అందులో సగం, అంటే 11 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు. కాబట్టి ఒకే అంతస్తు ఇల్లయితే 2ఎక్స్ సరిగ్గా సరిపోతుంది. రెండంతస్తుల ఇంటికి 2ఎక్స్ పెడితే పైకప్పు తెగిపోతుంది. అది పట్టాలని ఫోన్‌ను పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. దానికి 1ఎక్స్‌లోనే, అడ్డంగా పట్టుకున్న ఫోన్‌ను పైకీ కిందికీ వంచకుండా తీసి, కింద మిగిలిన రోడ్డును తర్వాత కత్తిరించండి. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే ఇంటి మూల నిలువు గీతతో కలుస్తోందో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది. ఫోన్ ఎత్తు ఛాతీ దగ్గర, దాదాపు 1.4 మీటర్లు.

సరిగ్గా టీవీ ఫ్రేమే కావాలంటే స్క్రీన్‌షాట్‌ను తోడొచ్చినవాళ్ల ఫోన్లో తెరిచి పక్కన పెట్టుకోండి. అందులో ఒక దగ్గరి వస్తువు, దాని వెనకే ఒక దూరపు వస్తువు ఎంచుకోండి. ఉదాహరణకు ఇంటి ముందు దీపస్తంభం, దాని వెనక పక్కింటి చిమ్నీ. స్క్రీన్‌షాట్‌లో స్తంభానికి కుడిపక్కన చిమ్నీ సగం కనబడుతోందనుకుందాం. ఫుట్‌పాత్ వెంబడి ఎడమకూ కుడికీ ఒక్కో అడుగు జరుగుతూ, మీకూ సగమే కనిపించే చోట ఆగండి. అదే గీత. చోటు కుదిరాకే జూమ్ ముట్టుకోండి. జూమ్‌తో మొదలుపెట్టినవాళ్లు అరగంట తిరిగినా ఫ్రేమ్ కలవదు. పాత సిరీస్‌లు టీవీ పెట్టె కొలతల్లో, అంటే 4:3లో ఉంటాయి, కొత్తవి 16:9లో. ఫోన్‌ను కూడా ఆ నిష్పత్తికే మార్చుకోండి.

కొన్ని షాట్లు క్రేన్ మీద నుంచో, పక్కింటి పచ్చిక మీద నుంచో తీసినవి ఉంటాయి. అవి మీకు దొరకవు, వదిలేయండి. డ్రోన్ ఎగరేయకండి, గోడ ఎక్కకండి. కర్ర చివర ఫోన్ పెట్టి గేటు మీదుగా చాపినా అది లోపలికి తొంగిచూడటమే.

ఫొటో బటన్ నొక్కే ముందు ఒక్కసారి ఫ్రేమ్ నలుమూలలా చూడండి. వాకిట్లో పిల్లలు ఆడుతున్నా, ఎవరైనా సంచులతో లోపలికి వెళ్తున్నా ఆగండి. కారు నంబరు పడుతుంటే ఒక అడుగు పక్కకు జరగండి.

మెట్లు, గేటు, డోర్‌బెల్

మెట్ల మీద కూర్చుని ఫొటో దిగడం ‘ఒక్కసారికే కదా’ అనిపిస్తుంది. ఇంటివాళ్ల వైపు నుంచి లెక్క వేసి చూడండి. రోజుకు యాభైమంది వస్తారనుకుంటే, పగలు పది గంటల్లో పన్నెండు నిమిషాలకు ఒకరు. పెర్రీ స్ట్రీట్ మెట్లకు గొలుసు కట్టారు, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. అయినా జనం దాటుకుని ఎక్కారు, బెల్ కొట్టారు. చివరికి యజమాని మెట్ల ముందు గేటు పెట్టుకుంటానని అడిగితే, 2025 జనవరిలో న్యూయార్క్ చారిత్రక కట్టడాల కమిషన్ ఒప్పుకుంది. ఆ మెట్లు అంతకాలం తెరిచి ఉన్నది ఇంటివాళ్ల మంచితనం వల్ల. గొలుసు ఎంత సన్ననిదైనా, దాటితే ఇతరుల స్థలంలో చొరబడటమే.

అమెరికాలోని ఆల్బుకర్కీ ఊళ్లో ఉన్న ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఇంటి సంగతి ఇంకా బాధాకరం. సిరీస్‌లో కథానాయకుడు వాల్టర్ విసిరిన పిజ్జా ఇంటి కప్పు మీద పడుతుంది. ఆ సన్నివేశం చూసినవాళ్లు నిజం ఇంటి మీదికి నిజం పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. ఆ తర్వాత జరిగేది ఒక్క క్షణం ఊహించండి. చీజ్ ఎండకు కరిగి కప్పు మీద అతుక్కుంటుంది, పక్షులూ చీమలూ చేరతాయి. అది గీకడానికి ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ఇక మానమని సిరీస్ సృష్టికర్త విన్స్ గిలిగన్ 2015లో బహిరంగంగా కోరాడు. 2017లో ఇంటివాళ్లు చుట్టూ ఇనుప కంచె వేయించుకున్నారు. ఇప్పుడు ఎవరు వెళ్లినా ఫొటోలో పడేది ఆ కంచే.

గుర్తుగా రాయి, పువ్వు, పెంకు ముక్క తెచ్చుకోవడం దొంగతనమే. పూలగుత్తులు, బొమ్మలు, ఉత్తరాలు వదిలి రావడం కూడా వద్దు, అవన్నీ ఎత్తిపారేసే పని ఇంటివాళ్లది. అమెరికాలో స్టాంపు అంటించని ఉత్తరాన్ని ఒకరి పోస్టు డబ్బాలో వేయడం చట్టరీత్యా నేరం కూడా. నటులకు చెప్పాల్సింది ఉంటే ఛానెల్‌కో వాళ్ల ఏజెన్సీకో రాయండి. ఆ ఇంటివాళ్లకు నటులతో ఏ సంబంధమూ ఉండదు.

ఇంటివాళ్లు బయటికొస్తే

ఫోన్ వెంటనే దించండి. నవ్వి, ఒక్క వాక్యం చాలు: “సిరీస్ ఇష్టంతో బయటి నుంచి చూద్దామని వచ్చామండి, ఇప్పుడే వెళ్లిపోతున్నాం.” అన్నట్టుగానే కదలండి. ‘ఇది పబ్లిక్ రోడ్డు’ అని వాదనకు దిగకండి. మాట చట్టప్రకారం నిజమే కావచ్చు, కానీ మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ ఇంటివాళ్లు చూపించే ముఖం అక్కడే తయారవుతుంది. తీసిన ఫొటోలో వాళ్లు పడ్డారని అడిగితే చూపించి, వాళ్ల ముందే తీసేయండి. తొలగించినవి ఉండే ఫోల్డర్‌లోంచి కూడా.

అప్పుడప్పుడు వాళ్లే పలకరించి షూటింగ్ కబుర్లు చెబుతారు. సంతోషంగా వినండి, కానీ లోపలికి రావచ్చా అని మీరు అడగొద్దు. వాళ్లే పిలిస్తే, తోటలో ఫొటో తీసుకోవచ్చో లేదో అడిగాకే ఫోన్ బయటికి తీయండి. ఆ పిలుపు గురించి ఎక్కడా రాయకండి. ‘అడిగితే లోపలికి రానిస్తారు’ అన్న ఒక్క వాక్యం చదివి మరుసటి వారం ఎంతమంది ఆ తలుపు తడతారో చెప్పలేం.

పోస్టు చేసే ముందు

ఫోన్ ఫొటోలో తీసిన చోటు వివరాలు దాగి ఉంటాయి. ఐఫోన్‌లో ఫొటో పంచుకునేటప్పుడు పైన కనిపించే ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ట్యాగును ఆపి బయలుదేరడం తేలిక. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తాయి. ఇంటి నంబరు పలక కనిపిస్తుంటే మసకబరచండి. ఊరి పేరు రాస్తే చాలు. ఆ రోజే పెట్టకుండా ఒకటి రెండు రోజులాగి పెట్టండి, వేళ పట్టుకుని వెంటనే వచ్చేవాళ్లు తగ్గుతారు. ‘పోలీసులు రారు, ఎక్కి కూర్చోవచ్చు’ లాంటి చిట్కాలు ఎవరు రాసినా అక్కడే వద్దని చెప్పండి.

ఇంకా చూడాలనిపిస్తే

ఆ సోఫా, ఆ వంటగట్టు ఎక్కడున్నాయో వెతికి అక్కడికి వెళ్లండి. బర్బ్యాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియో టూర్‌లో ‘ఫ్రెండ్స్’ సెట్ల ముందు, అందులోని కాఫీ షాపు సెంట్రల్ పెర్క్ సోఫా మీద తాపీగా కూర్చుని ఫొటో దిగవచ్చు. నార్త్ గోవర్ స్ట్రీట్‌లో షెర్లాక్ తలుపు పక్కనే, సిరీస్‌లో కనిపించిన స్పీడీస్ కెఫే ఉంది. తలుపును రోడ్డు అవతలి నుంచి చూసి, కెఫేలో ఒక కాఫీ చెప్పి, తీసిన ఫొటోనూ స్క్రీన్‌షాట్‌నూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. ఫ్రేమ్ ఒక అడుగు తేడాగా కనిపిస్తే అక్కడి నుంచే మళ్లీ ఎదురు ఫుట్‌పాత్‌కు వెళ్లి సరిచేసుకోవచ్చు.